26, 27.5, 29: కొండ సైకిల్ చక్రం సైజు వెనకున్న కథ

ఈరోజు ఎపిసోడ్ మౌంటెన్ బైక్ మీద. ముందే చెప్తున్నా, ఇక్కడ బైక్ అంటే పెట్రోలు బండి కాదు, సైకిలే. లావు టైర్లు, ముందు సస్పెన్షన్ ఫోర్కు, రాళ్ళలో రప్పల్లో తొక్కడానికి చేసిన సైకిల్.

ఇవి కొత్తవి కొనాలంటే మనలో చాలామందికి జేబు సహకరించదు. దాంతో ఫోన్ తీసి సెకండ్ హ్యాండ్‌వి వెతుకుతాం. అక్కడే మొదటి డౌటు. ఒకదానికి చక్రం 26T అని రాసుంటుంది, ఇంకోదానికి 27.5T, మూడోదానికి 29T. అన్నిట్లోకీ 26 ఉన్నదే చవక. తెలిసినవాణ్ని అడిగితే "వద్దు బాసూ, 26 పని అయిపోయింది" అంటాడు. ఎందుకు అయిపోయిందో మాత్రం చెప్పడు. ఆ 'ఎందుకు' అనేదే ఈరోజు మన కథ. ఇది తెలిస్తే మీ డబ్బులు కొన్ని మిగులుతాయి, కనీసం తప్పు సైకిల్ మీద పెట్టకుండా ఉంటారు.

నా సంగతే చెప్తా. కొన్నేళ్ళ కిందట ఒక పాత 26 సైకిల్ కొన్నా. వెనక టైరు అరిగిపోయి ఉంది. మా వీధి చివర షాపుకెళ్ళి "అన్నా, 26 టైరు ఒకటివ్వు" అన్నా. ఇచ్చాడు. ఇంటికొచ్చి ఎక్కిస్తుంటే రిమ్ము మీద నిలబడదే! చిన్నపిల్ల చేతికి వాళ్ళమ్మ గాజు తొడిగినట్టు జారిపోతోంది. షాపతని తప్పేం లేదు. నేనడిగింది 26, అతనిచ్చిందీ 26 ఏ. కాకపోతే అది లేడీస్ సైకిళ్ళకి వేసే 26. రెండింటి మీదా అదే అంకె, రిమ్ము దగ్గర మాత్రం ఏకంగా 31 మిల్లీమీటర్ల తేడా. అసలు ఈ అంకెలు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని నేను వెతకడం మొదలుపెట్టింది ఆ రోజే.

కథ 1933లో అమెరికాలో మొదలవుతుంది. మహా మాంద్యం రోజులు. జనం దగ్గర డబ్బుల్లేవు, సైకిళ్ళు అమ్ముడుపోవట్లేదు. అప్పటి అమెరికన్ సైకిల్ టైర్లు సన్నగా ఉండేవి, ఊరికే పంచరయ్యేవి. షికాగోలోని ష్విన్ కంపెనీని నడిపే ఫ్రాంక్ ష్విన్ జర్మనీలో తక్కువ గాలితో నడిచే లావు టైర్లు చూసొచ్చాడు. వాటి స్ఫూర్తితో 26 అంగుళాల ఎత్తు, 2.125 అంగుళాల వెడల్పున్న బెలూన్ టైరుతో పిల్లల సైకిల్ తెచ్చాడు. పిల్లలు గట్లెక్కించి దూకించినా తట్టుకునే బండి. పేపర్ వేసే కుర్రాళ్ళకి సరిగ్గా సరిపోయింది. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. గమనించండి, కొండల కోసం ఎవరూ ఈ సైజు కట్టలేదు. ఇది వీధుల్లో తిరిగే పిల్లల సైకిల్ సైజు.

నలభై ఏళ్ళు ముందుకొద్దాం. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే మరిన్ కౌంటీ వస్తుంది. అక్కడ టమల్‌పైస్ అనే కొండ, దాని చుట్టుపక్కల అడవి మంటలార్పేవాళ్ళ కోసం వేసిన మట్టిదారులు. 1970ల్లో అక్కడి కుర్రాళ్ళకి ఒక పిచ్చి పట్టింది. సైకిళ్ళేసుకుని కొండమీదికెళ్ళడం, అక్కణ్నుంచి మట్టిదారిలో కిందికి దూసుకురావడం.

సన్నటైరు రేసు సైకిల్‌తో ఆ పని చేస్తే చక్రం నలిగిపోతుంది. అందుకని వాళ్ళు పాత సామాన్ల కొట్లలో, జనాల షెడ్లలో మూలపడ్డ పాతకాలం ష్విన్ సైకిళ్ళు వెతికి, కొద్దిపాటి డబ్బులిచ్చి తెచ్చుకునేవాళ్ళు. 1930, 40ల నాటి ఎక్సెల్సియర్ అనే మోడల్ అంటే మరీ మోజు. వాటికి 'క్లంకర్' అని ముద్దుపేరు. మన భాషలో డొక్కు బండి అనుకోండి. మడ్‌గార్డులు పీకేసి, తర్వాత్తర్వాత గేర్లు తగిలించి, మోటార్‌సైకిల్ బ్రేకు లీవర్లు పెట్టి తొక్కారు.

అంటే ప్రపంచంలో మొట్టమొదటి ట్రైల్ మౌంటెన్ బైకులు సెకండ్ హ్యాండ్‌వే! ఇవాళ మనం ఫోన్‌లో చేస్తున్న పనే ఆ కుర్రాళ్ళు పాత సామాన్ల కొట్లలో చేశారు.

1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి దగ్గర ఒక దారిలో మొదటి రేసు పెట్టారు. సుమారు రెండు మైళ్ళ దూరంలో దాదాపు 1300 అడుగుల కిందికి దిగే దారి అది. పెడలు వెనక్కి తొక్కితే పడే పాతకాలం బ్రేకు హబ్బు లోపల ఉండేది. ఆ దిగుడులో బ్రేకు వేసీ వేసీ హబ్బులో గ్రీజు కాలిపోయి పొగలొచ్చేది. కిందికొచ్చాక హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు దట్టించాలి, అంటే రీప్యాక్ చెయ్యాలి. ఆ దారికి రీప్యాక్ అనే పేరు అలా పడింది. అక్కడి రికార్డు గ్యారీ ఫిషర్‌ది, 4 నిమిషాల 22 సెకండ్లు.

పాత ఫ్రేములు ఎన్నాళ్ళు తట్టుకుంటాయి? విరిగిపోయేవి. జో బ్రీజ్ అనే కుర్రాడు 1977లో కొండ కోసమే కొత్తగా ఒక ఫ్రేము కట్టాడు. మరుసటి ఏడాదికి అలాంటివి మొత్తం పది తయారయ్యాయి. మొదటిది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఫ్రేము కొత్తదే, చక్రం మాత్రం అదే 26. ఎందుకంటే రాళ్ళకి తట్టుకునే లావు టైరు అక్కడ తేలిగ్గా దొరికేది ఆ సైజులోనే. 1979లో ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి మౌంటెన్‌బైక్స్ అనే పేరుతో కంపెనీ పెట్టారు. టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో సుమారు 1300 డాలర్లకి అమ్మారు. అది డబ్బున్నవాళ్ళ ధర. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌ని 750 డాలర్లకి తెచ్చింది. మౌంటెన్ బైక్ ఫ్యాక్టరీ సరుకైంది. రిమ్ములు, ట్యూబులు, ఫోర్కులు అన్నీ 26 కొలతకే తయారయ్యాయి. ముప్పై ఏళ్ళు అదే శాసనం.

ఇప్పుడు ఒక చిన్న మలుపు. మీ నాన్నగారి మొదటి ఫోన్ నోకియా అయ్యుంటుంది. ఆ నోకియా ఒకప్పుడు టైర్లు కూడా చేసేది! ఫిన్లాండ్‌లో మంచు మీద నడపడానికి హక్కపెలీటా అనే టైర్లు. ఇంగ్లండ్‌లో జెఫ్ ఆప్స్ అనే ఆయన ఈ టైర్లతో, 26 కన్నా పెద్ద చక్రాలతో బురదదారి సైకిళ్ళు కట్టేవాడు. 1980ల మొదట్లో కొన్ని టైర్లు ఫిషర్, కెల్లీలకి పంపాడు. వాళ్ళకి నచ్చాయి కూడా. కానీ సరఫరా కుదురుగా లేదు. టైరు దొరకని చక్రంతో వ్యాపారం ఎలా చేస్తారు? దాంతో ఆ కథ అక్కడ ఆగిపోయింది. ఆ టైర్లు టైముకి వచ్చుంటే పెద్ద చక్రం చాలా ముందే వచ్చేదేమో.

మళ్ళీ కదలిక 1999లో. వైల్డర్‌నెస్ ట్రైల్ బైక్స్ అనే కంపెనీ 29 అంగుళాల లావు టైరు చేసింది. వెంటనే గ్యారీ ఫిషర్ పేరుతో 29 సైకిళ్ళు మార్కెట్లోకి దిగాయి. మొదట్లో నవ్వారు, సర్కస్ సైకిల్ అన్నారు. 2007లో కర్క్ పసెంటి అనే ఆయన పాత ఫ్రెంచి టూరింగ్ సైకిళ్ళ 650B సైజుకి కొండ టైరు చేయించాడు. అదే తర్వాత 27.5 అనే కొత్త పేరుతో వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో యారొస్లావ్ కుల్హవీ 29 మీద బంగారం కొట్టాడు, 27.5 మీద నీనో షూర్టర్ వెండి తెచ్చుకున్నాడు. ఇద్దరి మధ్య తేడా ఒకే ఒక్క సెకండ్. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో పెద్ద కంపెనీలు మంచి ట్రైల్ మోడళ్ళలో 26ని దాదాపు ఆపేశాయి. మీకు యాప్‌లో పాత మంచి 26 చవగ్గా కనిపించడానికి కారణం ఇదీ.

మరి నిజంగా అంత తేడా ఉందా? లెక్క చూద్దాం. టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డుకొలత 26కి 559 మిల్లీమీటర్లు, 27.5కి 584, 29కి 622. అంటే పేరు చూసి 27.5 సరిగ్గా మధ్యలో ఉంటుందనుకుంటాం, కానీ అది 26కే దగ్గర. 25 మిల్లీమీటర్లే ఎక్కువ. పెద్ద చక్రానికి రాయి ఎక్కడం తేలికే. పది సెంటీమీటర్ల రాయి అనుకుంటే, టైరుతో కలిపి 26 చక్రం దాన్ని సుమారు 45 డిగ్రీల కోణంలో తాకుతుంది, 29 సుమారు 43లో. ఒక్క రాయికి ఇది చిన్న తేడానే. గంటసేపు రాళ్ళ మీద తొక్కితే మాత్రం తెలుస్తుంది. చిన్న చక్రానికి దాని లాభం దానికుంది. తేలిక, గట్టిదనం, గబుక్కున తిరగడం.

ఇక కొనడం సంగతి. మీ ఎత్తుకి ఫ్రేము సరిపోవాలి, చక్రం కన్నా ముందు చూడాల్సింది అదే. బడ్జెట్ తక్కువై, ఫ్రేము, ఫోర్కు రెండూ ఆరోగ్యంగా ఉన్న పాత కంపెనీ 26 దొరికితే భయపడకండి. మన దగ్గర మామూలు ఎంటీబీలకి ఇంకా 26 వాడుతున్నారు కాబట్టి టైరూ ట్యూబూ దొరుకుతాయి. 26కి అసలు కష్టం ఫోర్కు. అది పోతే అంత మంచిది మళ్ళీ దొరకడం కష్టం. అందుకే ఫోర్కు లీకవుతున్న 26ని ఎంత చవగ్గా ఇచ్చినా వదిలెయ్యండి. ఇంకొంచెం పెట్టగలిగితే 2014 తర్వాతి మోడల్ చూడండి. పొట్టిగా ఉన్నవాళ్ళకి 27.5 హాయి. పొడుగువాళ్ళకి, దూరాలు తొక్కేవాళ్ళకి 29. ముందు ముందు స్పేర్లు తేలిగ్గా దొరికేది కూడా 29కే.

చూడ్డానికి వెళ్ళినప్పుడు టైరు పక్కన చిన్న అక్షరాల్లో 54-559 లాంటి అంకె వెతకండి. అందులో రెండోదే అసలు సైజు. దాన్ని ఫోటో తీసుకుని షాపులో చూపిస్తే నాకు జరిగింది మీకు జరగదు. పాత 28 సైజు టైరు 29 రిమ్ముకి పడుతుందేమో అనుకోకండి, దాని రిమ్ము 635. వెనక హబ్బు వెడల్పు కూడా అడగండి. పాతవాటికి 135 మిల్లీమీటర్లు, తర్వాత 142, కొత్తవాటికి 148. ఒకదాని చక్రం ఇంకోదానికి నేరుగా పట్టదు. హ్యాండిల్ కింద ఫ్రేము అతుకుల దగ్గర పగులుందా? ఫోర్కు గొట్టాల మీద గీతలున్నాయా? క్రాంకు పట్టుకుని పక్కకి ఊపితే లూజుందా? చైన్ పక్కన స్కేలు పెట్టండి. కొత్త చైన్‌లో 24 పిన్నుల దూరం సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు సాగితే వెనక గేరు పళ్ళ ఖర్చు కూడా లెక్కేసుకుని బేరమాడండి. ఫ్రేము నంబరు చూసి, బిల్లు అడగడం మర్చిపోవద్దు. దొంగ సైకిల్ మన నెత్తికెక్కించుకోవద్దు.

ఫ్రెండ్స్, మరిన్ కుర్రాళ్ళు 26 గొప్పదని ఎంచుకోలేదు. టైరు దొరికింది, బండి చవక, తొక్కేశారు. మీరూ కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు అవే. దీనికి టైరు దొరుకుతుందా, పాడైతే నా ఊళ్ళో బాగవుతుందా, నా జేబుకి అందుతుందా? మూడింటికీ అవునని వస్తే అంకె ఏదైనా పర్లేదు, ఈ ఆదివారం పొద్దున్నే గుట్ట దగ్గరికి వెళ్ళండి. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి, అందులో సెకండ్ హ్యాండ్ వద్దు. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.