అతుకు వెనుక చేతులు

ధ్వనిని ముద్రించే యంత్రాలను కనిపెట్టిన వారి పేర్లు చరిత్రలో పదిలంగా ఉన్నాయి. ముద్రించిన ముక్కలను ఒకదానికొకటి అతికిన వారి పేర్లు మాత్రం చాలావరకు లేవు. ఇది యాదృచ్ఛికంగా జరిగిన లోపం కాదని నా అభిప్రాయం.

గ్రామఫోను తొలిరోజుల్లో అతకటమనే ప్రశ్నే లేదు. మైనం పలకమీద గీత పడ్డాక తప్పు దొర్లితే మళ్ళీ మొదటినుంచి పాడవలసిందే. అయస్కాంత టేపు ఈ స్థితిని మార్చింది. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ దానికి పేటెంటు పొందాడు. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏ.ఇ.జి. కంపెనీ మాగ్నెటోఫోన్ యంత్రాన్ని చూపింది. యుద్ధానంతరం అమెరికన్ సైన్యంలోని జాక్ మలిన్ అటువంటి యంత్రాలు రెండూ, 50 టేపు చుట్లూ స్వదేశానికి చేర్చాడు. 1947లో బింగ్ క్రాస్బీ రేడియో కార్యక్రమం టేపుమీదనుంచి ప్రసారమయింది. ఒకనాటి శ్రోతల నవ్వును కోసి మరొకనాటి హాస్యానికి తగిలించిన సంగతి మలిన్ స్వయంగా చెప్పాడు. అంటే ప్రజల నవ్వు సైతం సరుకయింది.

1963లో బి.బి.సి. శబ్దశాలలో డీలియా డెర్బీషైర్ 'డాక్టర్ హూ' ధారావాహికకు ప్రారంభ సంగీతం తయారుచేసింది. వరస రాన్ గ్రైనర్‌ది. కాని ఒక్కొక్క స్వరాన్ని వేరువేరుగా ముద్రించి, వేగం మార్చి, టేపును కొలిచి కోసి, వందలాది అతుకులతో దానికి ప్రాణం పోసింది ఆమె. తోడు నిలిచింది డిక్ మిల్స్. సగం పేరు ఆమెకు చెందాలని గ్రైనరే కోరినా సంస్థ నియమాలు ఒప్పుకోలేదు. తెరమీద ఆమె పేరు పడింది 2013లో. ఆమె 2001లోనే చనిపోయింది!

నేడు కత్తెర పోయింది. సాక్స్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ఉచిత పరికరాలు ఒక్క ఆజ్ఞతో వందల ధ్వని ఫైళ్ళను కలుపుతాయి. ఇవి ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకపోవటం హర్షించదగినదే. అయితే యంత్రానికి అర్థం తెలియదు.

మేము కొందరం ఒక వృద్ధ బీడీ కార్మికురాలి జ్ఞాపకాలు రికార్డు చేశాం. పన్నెండు ముక్కలయ్యాయి. ఒక్క దెబ్బతో కలిపాం. విని చూస్తే సమ్మె విరమణ ముందు వచ్చింది, సమ్మెకు కారణం తరువాత వచ్చింది! ఫైళ్ళకు 1, 2, 3 అని పేర్లు పెట్టాం. యంత్రం వాటిని అంకెలుగా గాక అక్షరాలుగా చదివి 1 తరువాత 10, 11, 12 పెట్టి, ఆపైన 2 పెట్టింది. 01, 02 అని పేర్లు మార్చగానే వరస కుదిరింది. పొరపాటు చిన్నదే. కాని ఎవరూ కూర్చుని వినకపోయివుంటే, కారణం లేని సమ్మె ఒకటి ఆమె గొంతుతోనే చరిత్రకెక్కేది.

కోయటం, అతకటం అంటే వరస నిర్ణయించటం. వరస నిర్ణయించటమంటే చరిత్ర చెప్పటం. కాబట్టి ప్రజల గొంతులు సేకరించే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా మనవి రెండే. కలిపిన తరువాత కూడా అసలు ముక్కలను చెరపకండి. మాట్లాడినవారి పేరు పక్కనే అతికినవారి పేరూ రాయండి. శ్రమను దాచిన చరిత్ర, ఎంత నున్నగా వినిపించినా, సగం చరిత్రే.