రక్తంలో నిలదొక్కుకున్న కొవ్వు బుడగ

1960ల మొదట్లో కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహాంలో ఆలెక్ బాంగమ్ ఫాస్ఫోలిపిడ్లను నీటిలో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశాడు. కొవ్వు అణువులు వాటంతటవే రెండు వరసల పొరగా కుదురుకుని, లోపల నీటిని బంధించి బుడగలయ్యాయి. అవే లైపోజోములు. 1971లో గ్రెగరీ గ్రెగోరియాడిస్, బ్రెండా రైమన్ బృందం వాటిలో ఎంజైమును నింపి ఎలుకలకు ఎక్కించింది. మందుల వాహనంగా లైపోజోమ్ కథ అక్కడ మొదలైంది. తలనొప్పులూ అక్కడే మొదలయ్యాయి.

రక్తంలోకి దిగగానే ప్లాస్మా ప్రోటీన్లు బుడగకు అంటుకునేవి. ఆ ఆనవాలు పట్టి కాలేయంలోని, ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు దాన్ని మింగేసేవి. కొలెస్ట్రాల్‌తో పొరను బిగించారు, సైజును 100 నానోమీటర్ల దాకా తగ్గించారు. కొంత మేలు జరిగింది, అంతే. 1980ల్లో జెరూసలేంలో అల్బెర్టో గబిజాన్, యెహెజ్కెల్ బారెన్‌హోల్జ్ క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్‌ను పొరలోనే ఇరికించి రోగులకిచ్చారు. చాలా మందు దారిలోనే కారిపోయింది, మిగిలింది కాలేయం పాలైంది.

ఎర్ర రక్తకణం నెలల తరబడి తిరుగుతుంటే ఈ బుడగ ఎందుకు తిరగలేదు? ఈ ఆలోచనతో 1987లో థెరీసా ఆలెన్ జీఎం1 అనే చక్కెర తగిలించిన కొవ్వును పొరలో కలిపింది. ఆయుష్షు పెరిగింది. కానీ జీఎం1 ఖరీదైన సరుకు. 1990లో దాని స్థానంలోకి చవకైన పాలిమర్ పాలీఇథిలిన్ గ్లైకాల్, అంటే పెగ్, వచ్చింది. అది చుట్టూ నీటిని పట్టి ఉంచి ప్రోటీన్లను దగ్గరికి రానివ్వదు.

పేరంతా పెగ్‌కే వచ్చింది. నా లెక్కలో సగం ఘనత అమ్మోనియం సల్ఫేట్‌ది. దాన్ని ముందుగా బుడగలో నింపుతారు. అమ్మోనియా బయటికి జారుకుంటే లోపల ఆమ్లం మిగులుతుంది. లోపలికి వచ్చిన డాక్సోరుబిసిన్ అక్కడ ప్రోటాన్‌ను తగిలించుకుని వెనక్కి పోలేక, సల్ఫేట్‌తో కలిసి కడ్డీలాంటి స్ఫటికమవుతుంది. ఆ కడ్డీ ఒత్తిడికి గుండ్రటి బుడగ కోలగా సాగడం ఫోటోల్లో కనిపిస్తుంది. మందు కారిపోతే బుడగ ఎన్నాళ్లు తిరిగితే మాత్రం ఏం లాభం?

పెగ్, అమ్మోనియం సల్ఫేట్ రెండూ కలిసిన డాక్సిల్ అనే మందుకు 1995లో అమెరికా అనుమతి దొరికింది. రక్తంలో దాని అర్ధాయుష్షు రెండు రోజుల పైమాటే. డాక్సోరుబిసిన్ వల్ల గుండెకు కలిగే చేటు తగ్గింది. అరిచేతులు, అరికాళ్ల చర్మం మాత్రం ఎర్రబడి పగలడం మొదలైంది. ఎక్కువసేపు తిరిగే మందు చర్మానికీ చేరుతుంది కదా!

2000లో ఇంకో చిక్కు బయటపడింది. పెగ్ తొడిగిన లైపోజోమ్‌లను వారం తర్వాత మళ్లీ ఎక్కిస్తే ఎలుకల రక్తంలోంచి నిమిషాల్లో మాయమయ్యాయి. మొదటి డోసుకు పుట్టిన యాంటీబాడీలే కారణమని తర్వాత తేలింది. డాక్సోరుబిసిన్‌తో ఈ గొడవ తక్కువ. యాంటీబాడీలు తయారుచేసే కణాలనే అది దెబ్బతీస్తుంది. కణాలను చంపని మందులను పదే పదే మోయించాలంటే మాత్రం పెగ్ ఒక్కదాన్నే నమ్ముకోలేం.