ఇంజను టకటక

ఇల్లంతా బండిలో సర్దుకుని షికార్లు తిరిగే మోటారు ఇళ్ళు అమెరికాలో బోలెడు. వాటికి ఏ పెట్రోలు పొయ్యాలి? బంకులో 87, 89, 91 అని ఆక్టేన్ నెంబర్లుంటాయి. నెంబరు పెరిగితే బలం పెరుగుతుందనుకుంటాం. అబ్బే! పెట్రోలు వేళకాని వేళ దానంతటదే భగ్గుమని, ఇంజను టకటక కొట్టుకోకుండా ఆపే గుణం మాత్రమే అది. బండితో ఇచ్చిన పుస్తకంలో 87 అని ఉంటే 87 చాలు.

ఆ టకటక మాన్పడానికే 1921లో థామస్ మిడ్‌గ్లీ పెట్రోల్లో సీసం మందు కలిపాడు. సీసం అన్న మాటే ఎత్తకుండా 'ఇథైల్' అని ముద్దుపేరుతో అమ్మారు. 1924లో న్యూజెర్సీలోని బేవేలో ఆ మందు తయారుచేసే పనివాళ్ళు అయిదుగురు మతి చలించి చనిపోయారు. మిడ్‌గ్లీగారేమో విలేకరుల ఎదుట దాంతో చేతులు కడుక్కుని చూపించారు!

1925లో వాషింగ్టన్ సభలో వద్దని గట్టిగా చెప్పినవారిలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఒకరు. హార్వర్డులో మొట్టమొదటి అధ్యాపకురాలు. ఎవరు విన్నారు? ఆపిన అమ్మకాలు మరుసటేడే మళ్ళీ మొదలయ్యాయి. ఆవిడ 101 ఏళ్ళు బతికి 1970లో పోయారు. సీసం తగ్గించమని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది 1973లో. మన బంకుల్లోంచి అది పోయింది 2000లో. చిట్టచివర అల్జీరియాలో, 2021లో.