పొల్లుతో పోయే గింజ
(ఈమెయిలు వడపోత చరిత్ర)

ఏలూరు ప్రక్కనున్న వట్లూరులో 1989లో స్థాపించిన సర్ సి. ఆర్. రెడ్డి ఇంజనీరింగు కళాశాల ఉన్నది. ఆ కళాశాలకు పోవలసిన ఉత్తరాలమీద 534007 అని వ్రాస్తారు. 1972 ఆగస్టు 15న మన దేశంలో అమలులోకి వచ్చిన పిన్‌కోడు అది. ఇందులో మొదటి అంకె దేశంలోని మండలాన్ని, మొదటి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి. తాడేపల్లిగూడెం సంఖ్య 534101. రెంటికీ మొదటి మూడంకెలు ఒకటే కావున ఆ ఉత్తరాలు కొంతదూరం కలిసి ప్రయాణించి, పిమ్మట విడిపోతాయి.

ఉత్తరం ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నకు ఈ ఆరంకెలు జవాబు చెబుతాయి. ఉత్తరం చదువదగినదా, కాదా అన్న ప్రశ్న తపాలా గుమాస్తా వేసుకోడు. కాని అదే కళాశాలలోని విద్యార్థికి ఒక ఈమెయిలు వచ్చిందనుకొందాం. దానిని అందుకొన్న కంప్యూటరు మొదట ఈ రెండవ ప్రశ్ననే వేసుకొంటుంది. పనికిమాలినదని తోస్తే దానిని "స్పాము" అనే వేరొక పెట్టెలో పడవేస్తుంది. ఆ తీర్పు తప్పైనప్పుడు పరీక్ష హాలు టికెట్టో, ఉద్యోగపు పిలుపో ఆ పెట్టెలో పడి ఉంటుంది. పంపినవారు అందిందనుకొంటారు, అందవలసినవారు ఇంకా పంపలేదనుకొంటారు. తప్పు జరిగిన సంగతి ఇద్దరికీ తెలియదు.

ఈ రెండవ ప్రశ్న ఎలా పుట్టింది? దానికి జవాబు చెప్పే యంత్రం ఎందుకు పొరబడుతుంది? ఆ పొరబాటును ఎవరు దిద్దాలి? ఈ మూడు సంగతులను చరిత్రక్రమంలో పరిశీలిద్దాం.

తపాలా బిళ్ళ లేని ఉత్తరం

1840లో ఇంగ్లండులో రోలండ్ హిల్ సూచన ప్రకారం పెన్నీ తపాలా వచ్చింది. 1854లో మన దేశంలోను దూరంతో నిమిత్తం లేకుండా, బరువునుబట్టి తపాలా రుసుము నిర్ణయించారు. ఉత్తరం పంపేవాడే ముందుగా బిళ్ళ కొని అంటించాలి. ఆ కొద్దిపాటి రుసుమే ఒక కావలి. లక్ష ఉత్తరాలు వ్రాయదలచినవాడు లక్ష బిళ్ళలు కొనవలసి ఉంటుంది గనుక ఆలోచించి వ్రాస్తాడు.

1971లో రే టాంలిన్సన్ అనే అమెరికా ఇంజనీరు ఆర్పానెట్టు అనే కంప్యూటర్ల వలలో ఒక యంత్రంనుండి మరొక యంత్రానికి లేఖ పంపే ఏర్పాటు చేశాడు. ఇందులో బిళ్ళ లేదు. ఒకరికి వ్రాసినా వేయిమందికి వ్రాసినా పంపేవాడికి శ్రమ ఇంచుమించు ఒకటే. ఈ లోపాన్ని జాన్ పోస్టెల్ 1975 నవంబరులోనే గుర్తించి, వద్దన్న లేఖలను నిరాకరించే సాధనం ఈ వలలో లేదని ఒక చిన్న పత్రంలో హెచ్చరించాడు. 1978 మే 3న ఆ భయం నిజమైంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను ఉద్యోగి గేరీ థర్క్ తమ క్రొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని సుమారు 400 మందికి ఒకేసారి లేఖ పంపాడు. దీనినే తొలి స్పాము అంటారు.

1994 ఏప్రిల్ 12న అరిజోనాకు చెందిన కాంటర్, సీగెల్ అనే న్యాయవాదులు అమెరికా నివాసపు అనుమతి గూర్చిన తమ ప్రకటనను యూజ్‌నెట్టు అనే చర్చావేదికలలో వేలాది చోట్ల ఒకేసారి గుప్పించారు. స్పాము అన్న పేరుకూడ ఆ రోజులలోనే వాడుకలో స్థిరపడింది. నిజానికి స్పాము అంటే 1937నుండి డబ్బాలలో అమ్ముతున్న ఒకరకపు మాంసం. 1970లో బ్రిటిష్ టెలివిజనులో వచ్చిన ఒక హాస్యనాటికలో ఆ మాటనే పదేపదే అరచి మిగిలిన సంభాషణ వినబడకుండా చేస్తారు. అక్కరలేని లేఖల వరదకు ఆ పేరు అతికింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ సామాన్యులకు ఇంటర్నెట్టు ఇవ్వడం 1995 ఆగస్టు 15న మొదలైంది. అనగా ఈమెయిలు మన ఇళ్ళకు వచ్చేనాటికే దానితోపాటు పొల్లుకూడ వచ్చింది.

మాటను చూచి తీర్పు

తొలినాటి వడపోతలు చాల సులభమైనవి. కొన్ని మాటల పట్టిక వ్రాసుకొని, వాటిలో ఏది కనబడినా లేఖను త్రోసివేయడమే. ఇలా మాటను మాత్రమే చూచి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో 1996లో బయటపడింది. ఇంగ్లండులో స్కంథార్ప్ అనే ఊరున్నది. దాని పేరు నడుమ ఒక బూతుమాట అక్షరాలు వరుసగా వస్తాయి. అమెరికా ఆన్‌లైన్ సంస్థ కంప్యూటర్లు ఆ అక్షరాలను చూచి, ఆ ఊరివారిని ఖాతాలు తెరవనీయలేదు. ఊరి పేరే నేరమైంది!

రెండవ పద్ధతి, పంపే యంత్రాన్నిబట్టి తీర్పు చెప్పడం. 1997లో పాల్ విక్సీ మొదలైనవారు స్పాము పంపే యంత్రాల చిరునామాలతో ఒక నిషేధపు పట్టిక నడిపారు. ఇది మేలే చేసింది. కాని ఒకే యంత్రంద్వారా వందలమంది లేఖలు పంపుకొంటారు. అందులో ఒకడు తప్పుచేసి ఆ యంత్రం పట్టికకెక్కితే, తక్కినవారి లేఖలుకూడ ఆగిపోతాయి.

రెండు రకాల తప్పులు

జల్లెడ ఏదైనా రెండు రకాల తప్పులు చేస్తుంది. పొల్లును గింజలలో ఉంచడం ఒకటి. గింజను పొల్లుతో పారవేయడం రెండవది. కొల్లేటిలో వలవేసేవారికి ఇది క్రొత్త సంగతి కాదు. వలకన్ను చిన్నదైతే పిల్లచేపలుకూడ చిక్కుతాయి; పెద్దదైతే కావలసిన చేపలే జారిపోతాయి. ఒక తప్పును తగ్గిస్తే రెండవది పెరుగుతుంది. 1933లో నేమన్, పియర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ రెండు తప్పులను విడివిడిగా లెక్కకట్టే గణితాన్ని పటిష్ఠంగా ఏర్పరిచారు.

ఈ శాస్త్రాభివృద్ధిలో మన తెలుగువారి పాలు ఉన్నది. 1920లో జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు బాల్యంలో కొంతకాలం నూజివీడులో చదివారు. నేడు ఆ ఊరు ఏలూరు జిల్లాలోనే ఉన్నది. విశాఖపట్నంలో గణితం చదివిన పిమ్మట ఆయన కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్ళి, సూడానులోని జెబెల్ మోయా త్రవ్వకాలలో దొరికిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను పరిశీలించారు. ఒక పుర్రె కొలతలు మన చేతిలో ఉన్నవి. అది ఏ మానవ వర్గానికి చెందినది? రెండు వర్గాలను వేరుచేసే గణితాన్ని 1936లో ఫిషర్ చూపించాడు. రావుగారు దానిని అనేక వర్గాలకు విస్తరింపజేసి 1948లో ప్రకటించారు. 2023లో సంఖ్యాశాస్త్రపు అంతర్జాతీయ బహుమానం పొంది, అదే సంవత్సరం ఆగస్టులో ఆయన పరమపదించారు.

ఈ పని జరిగేనాటికి ఈమెయిలు పుట్టనేలేదు. అయినా ప్రశ్న స్వరూపం ఒకటే. కొలతలకు బదులు లేఖలోని మాటలు, మానవ వర్గాలకు బదులు "మంచి", "పొల్లు" అనే రెండు వర్గాలు పెట్టుకొంటే చాలు.

బేయిస్ లెక్క

1763లో, రచయిత మరణానంతరం ప్రకటింపబడిన థామస్ బేయిస్ వ్యాసం ఇక్కడ ఉపయోగపడింది. ఒక ఉదాహరణ చూద్దాం. మనకు వచ్చిన 100 మంచి లేఖలను, 100 పొల్లు లేఖలను ముందుంచుకొని మాటలు లెక్కించామనుకొందాం. "బహుమతి" అన్న మాట పొల్లులో 40 లేఖలలోను, మంచివాటిలో 2 లేఖలలోను ఉన్నది. "వట్లూరు" అన్న మాట పొల్లులో ఒక లేఖలోను, మంచివాటిలో 30 లేఖలలోను ఉన్నది.

"బహుమతి" మాత్రమే ఉన్న లేఖ పొల్లు కావడానికి 42లో 40 పాళ్ళు, అనగా నూటికి 95 వంతులు అవకాశమున్నది. అదే లేఖలో "వట్లూరు"కూడ ఉన్నదనుకోండి. పొల్లు వైపు 40ని 1తో, మంచి వైపు 2ను 30తో గుణించాలి. వచ్చేది 40కి 60. పొల్లు అయ్యే అవకాశం నూటికి 40కి పడిపోయింది. మాటలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని భావించి చేసిన లెక్క ఇది. ఆ భావన పూర్తిగా సత్యం కాకపోయినా ఫలితం ఆశ్చర్యకరంగా బాగుంటుంది. కళాశాల వార్షికోత్సవపు బహుమతి ప్రదానానికి పిలిచిన లేఖ ఈ విధంగా బయటపడుతుంది.

1998లో సహామీ, డ్యూమే, హెకర్మన్, హోర్విట్జ్ అనే నలుగురు ఈ పద్ధతిని ఈమెయిలుకు అన్వయించారు. పొల్లు అని నూటికి 99.9 వంతులు నమ్మకం కుదిరితేనే లేఖను ప్రక్కకు నెట్టాలని వారు నియమం పెట్టుకొన్నారు. పొల్లు ఒకటి చదువవలసివస్తే పోయేది ఒక క్షణం. మంచి లేఖ పోతే పోయేదానికి కొలత లేదు. 2002లో పాల్ గ్రేహం తన వ్యాసంలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మంచి లేఖలలో కనబడిన మాటల లెక్కను అతడు రెట్టింపుచేసి చూపించాడు. అనుమానం వచ్చినచోట లేఖ పక్షం వహించాలన్నదే ఇద్దరి ఉద్దేశం.

ఇంత జాగ్రత్తపడినా చిక్కు తీరలేదు. 1,000 లేఖలు వచ్చాయనీ, వాటిలో 900 పొల్లు, 100 మంచివనీ అనుకొందాం. వడపోత నూటికి 99 సార్లు సరిగా చెబుతుంది. అప్పుడు స్పాము పెట్టెలో 891 పొల్లు లేఖలు, వాటి నడుమ ఒక మంచి లేఖ పడతాయి. ఆ ఒక్కదానికోసం 892 లేఖలను ఎవరు వెదకుతారు? యంత్రం సమర్థత పెరిగినకొద్దీ మనం ఆ పెట్టె తెరవడం మానేస్తాము. ఆ ఒక్క లేఖ కనబడకపోవడానికి కారణం యంత్రం చెడ్డదవడం కాదు, మంచిదవడమే.

తెలుగు జాబుకు వచ్చిన చిక్కు

1982లో నిర్ణయించిన ఈమెయిలు రవాణా నియమాలలో 128 గుర్తులకే చోటుండేది. ఆంగ్ల అక్షరాలు తప్ప మరొక లిపి పట్టదు. అందుచేత 1990 దశకపు తొలి సంవత్సరాలలో అమెరికాలోని తెలుగువారు ఆంగ్ల అక్షరాలతోనే తెలుగు వ్రాసుకొనేవారు. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు అందుకొక పద్ధతి ఏర్పరిచారు. దానినే ఆర్‌టీఎస్ అంటారు.

1991లో యూనికోడులో తెలుగుకు స్థానం లభించింది. 1992లో ఇతర లిపులను ఆంగ్ల గుర్తులుగా మార్చి పంపే "బేస్ 64" సంకేతం ఈమెయిలులోకి వచ్చింది. "వట్లూరు" అన్న మాటకు యూనికోడులో 7 సంకేతాలు. ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 21. వాటిని బేస్ 64లోకి మారిస్తే 28 గుర్తులౌతాయి. సంకేతాన్ని విప్పి చూడని వడపోతకు అందులో వట్లూరు కనబడదు. అర్థంలేని 28 గుర్తులే కనబడతాయి. స్పాము పంపేవారుకూడ తమ మాటలను దాచడానికి ఇదే సంకేతాన్ని వాడారు. ఆ కారణంగా 2001లో వెలువడిన స్పామ్‌అసాసిన్ అనే వడపోతలో బేస్ 64తో మాటలు మరుగుపరచిన లేఖలకు అనుమానపు మార్కులు వేసే నియమం చేర్చారు. ఆంగ్ల లేఖకు ఆ ముసుగు అనవసరం. తెలుగు లేఖకు అది బట్టవంటిది. ఈ భేదం ఎరిగి వడపోతను అమర్చకపోతే నిర్దోషియైన జాబు శిక్ష పొందుతుంది. నేటి వడపోతలు సంకేతాన్ని విప్పి తెలుగు చదువుతాయి. కాని లెక్క సరిగా రావాలంటే తెలుగులో మంచివీ చెడ్డవీ లేఖలు తగినన్ని వాటికి పరిచయమై ఉండాలి.

పంపినవాని ముద్ర

మాటలను చూస్తే చాలదని తెలిసిన పిమ్మట, పంపినవాని గుర్తింపును పరీక్షించడం మొదలైంది. ఒక సంస్థ తరపున ఏయే యంత్రాలు లేఖలు పంపవచ్చునో ప్రకటించే ఎస్‌పీఎఫ్ 2006లోను, లేఖకు లక్కముద్రవంటి గణితపు ముద్ర వేసే డీకిమ్ 2007లోను పత్రరూపం పొందాయి. ఈ రెండూ విఫలమైనప్పుడు ఏమి చేయాలో తెలిపే డీమార్క్ 2015లో ప్రకటితమైంది. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దసంఖ్యలో లేఖలు పంపేవారికి వీటిని తప్పనిసరి చేశాయి. గూగుల్ లెక్కలో రోజుకు 5,000 లేఖలు దాటితే పెద్దసంఖ్యే.

ఇందులోను మంచి లేఖ చిక్కుకొనే మార్గమున్నది. విద్యార్థి తన కళాశాల ఖాతాకు వచ్చే లేఖలను సొంత ఖాతాకు మళ్ళించుకొంటాడు. అప్పుడు లేఖమీద పంపిన సంస్థ పేరుంటుంది. తెచ్చి ఇచ్చే యంత్రం మాత్రం కళాశాలది. పేరూ యంత్రమూ పొసగవు గనుక వడపోత అనుమానిస్తుంది.

దిద్దేది ఎవరు?

చిరునామా తప్పిన ఉత్తరాన్ని తపాలాశాఖలో ఒక మనిషి చేతపట్టి చూచేవాడు. చేరవలసిన చోటు తెలియకపోతే దానిని విప్పి, పంపినవారికి త్రిప్పి పంపే ప్రత్యేక కార్యాలయాలు ఉండేవి. స్పాము పెట్టెకు అటువంటి గుమాస్తా లేడు. జీమెయిలులో ఆ పెట్టెలో పడిన లేఖ 30 రోజులకు తనంత తానే చెరిగిపోతుంది. మామూలు వెదకులాటలో ఆ పెట్టె చేరదు. వెదికే చోటులో స్పాము, ట్రాషులనుకూడ కలుపుకోవాలి. కావున ముఖ్యమైన లేఖకోసం ఎదురుచూచేవారు పంపే సంస్థ పేరుతో వారానికొకసారి అలా వెదకాలి. దొరికితే "స్పాము కాదు" అన్న మీట నొక్కాలి. ఆ నొక్కు కేవలం లేఖను బయటికి తీయదు. పైన మనం చేసిన లెక్కలో మంచివైపు ఒక అంకెను చేరుస్తుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చేయించవచ్చు. విద్యార్థులచేత 20 మంచి లేఖలు, 20 పొల్లు లేఖలు చీటీలమీద వ్రాయించి, మాటలు లెక్కింపజేసి, క్రొత్త చీటీకి తీర్పు చెప్పమనాలి. కొన్ని తీర్పులు తప్పుతాయి. తప్పిన చీటీలను బల్లమీద విడిగా పరచి, ఒక్కొక్కటి ఏ మాటవలన తప్పిందో విద్యార్థులనే చెప్పమంటే, వడపోత బలమూ బలహీనతా రెండూ వారికి ఒకే గంటలో బోధపడతాయి.