దూడని చూసే కళ్ళు

మా తాతయ్యకి ఒంగోలు గిత్తల మీద ఉన్న గురి చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరికీ లేదని చెప్పుకునేవారు. సంతలో దూడ ముందు నిలబడితే అందరిలా మూపురం చూసి మురిసిపోయేవాడు కాదు. ముందు కాళ్ళు చూసేవాడు. తరవాత గంగడోలు, ఆ తరవాత సుడులు, చివరికి నోరు తెరిపించి పళ్ళు. "ఇది మూడేళ్ళకి బండ లాగుతుందిరా" అనేవాడు. లాగేది కూడాను! ఇంట్లో ఆడవాళ్ళేం తక్కువ తినలేదు. మిరపకల్లంలో చీరకొంగు ముక్కుకి కట్టుకుని కూర్చున్నారంటే, ఏది తాలుకాయో ఏది మేలుకాయో చేతికి తగలగానే వేరైపోయేది.

ఇంత తెలిసినవాళ్ళు ఇంట్లో పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకలా తప్పులో కాలేసేవారో!

ఈ ఆలోచన నాకెందుకు వచ్చిందంటే, అమెరికాలో ఉన్న మా పిన్నికూతురు మొన్న ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయికి ఎనిమిదేళ్ళు, బేస్‌బాల్ ఆడుతున్నాడట. "ఆటకి తీసుకెళ్ళే ప్రతి తల్లీ తండ్రీ తమ పిల్లాడు హీరో అనే అంటారక్కా. మావాడిలో నిజంగా ఏమన్నా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. నేను బి.ఏ. చదివి కథలు రాసుకునేదాన్ని, నాకేం తెలుసు? అయినా ఊరుకోలేక మన ప్రాంతం పిల్లల సంగతే తిరగేశాను.

1973 నవంబరు 16న నాగండ్లలో ఒక పిల్లవాడు పుట్టాడు. ప్రకాశం జిల్లా ఏర్పడి అప్పటికి మూడేళ్ళు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. నల్లరేగడి నేల, ఆటంటే చెడుగుడు, మహా అయితే ఉన్నిబంతితో బాల్ బాడ్మింటన్. ఆ పిల్లవాడికి మాత్రం క్రికెట్ పిచ్చి. అన్నగారు రాజశేఖర్ అతన్ని బాడ్మింటన్ వైపు లాగాడు. ఆ పిల్లవాడే పుల్లెల గోపీచంద్.

అసలు కథ ఇక్కడుంది. ఇది గోపీచంద్ చాలాసార్లు స్వయంగా చెప్పుకున్న సంగతే. అన్నదమ్ములిద్దరూ ఆడేవారు. అన్న ఎంతో బాగా ఆడేవాడు, రాష్ట్రంలో ఛాంపియన్ కూడా. ఐ.ఐ.టి. పరీక్ష రాశాడు, ప్యాసయ్యాడు, ఆట మానేశాడు. తమ్ముడు ఇంజనీరింగు ప్రవేశపరీక్ష రాశాడు, ఫెయిలయ్యాడు, ఆటలోనే ఉండిపోయాడు. చదువు రాకపోవడం నా అదృష్టం అని ఆయన నవ్వుతూ అంటాడు గానీ, ఆ ఫలితం వచ్చిన రోజున ఆ ఇంట్లో ఎవరూ నవ్వి ఉండరు. మన ఇళ్ళలో అలాంటి రోజు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? పెద్దాడికి పాయసం, చిన్నాడికి నిశ్శబ్దం!

ఆ తరవాతన్నా దారి సాఫీగా ఉందా అంటే, అదీ లేదు. 1994లో మోకాలు దెబ్బతింది. ఒకటి కాదు, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు. మనమైతే "చాల్లే నాయనా, ఏదో ఒక ఉద్యోగం చూసుకో" అనేవాళ్ళం. 2001 మార్చిలో బర్మింగ్‌హాంలో సెమీఫైనల్లో పీటర్ గేడ్‌నీ, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌నీ ఓడించి ఆల్ ఇంగ్లండ్ కప్పు ఎత్తాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే తరవాత ఆ కప్పు గెలిచిన భారతీయుడు అతనొక్కడే. సంతలో నిలబడి అన్నదమ్ములిద్దరినీ చూస్తే మా తాతయ్య మాత్రం ఎవరి పళ్ళు లెక్కపెట్టేవాడు?

గుంటూరులో పెరిగిన కిదాంబి శ్రీకాంత్ ఇంట్లోనూ ఇద్దరు అన్నదమ్ములే. అన్న నందగోపాల్ ముందు గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు, తమ్ముడు అతని వెనకాల వెళ్ళాడు. మొదట్లో డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ ఆడేవాడు. 2011 కామన్‌వెల్త్ యూత్ పోటీల్లో పతకాలు తెచ్చింది కూడా వాటిలోనే. సింగిల్స్ నీ ఆట అని మళ్ళించింది గోపీచంద్. 2014లో చైనాలోనే లిన్ డాన్‌ని ఫైనల్లో ఓడించాడు. 2017లో ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు. 2018 ఏప్రిల్లో ప్రపంచంలో నంబర్ వన్. కన్నవాళ్ళు చేసింది పంపడం. ఏ ఆటో, ఎలా ఆడాలో తేల్చింది రోజూ ఎదురుగా నిలబడి చూసిన మనిషి.

అయితే తండ్రి చూపు తప్పనిసరిగా తప్పుతుందని అనడానికీ లేదు. అంబటి రాయుడు గుంటూరులోనే పుట్టాడు, 1985 సెప్టెంబరులో. ఆ పిల్లవాడు మూడో తరగతిలో ఉండగా, 1992లో, తండ్రి సాంబశివరావుగారు తీసుకెళ్ళి హైదరాబాదు మాజీ ఆటగాడు విజయ్ పాల్ దగ్గర చేర్పించారు. ఆయన అంచనా నిజమే. పదహారేళ్ళకి ఇంగ్లండులో అండర్-19 జట్టు మీద 177 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. 2004 అండర్-19 ప్రపంచకప్పులో కెప్టెన్. ఇక భారతజట్టులోకి రేపో మాపో అనుకున్నారంతా. అతను వన్డే ఆడింది 2013 జూలైలో! తండ్రి చెయ్యి పట్టుకుని మైదానానికి వెళ్ళిన రోజు నుంచీ ఇరవైయొక్క ఏళ్ళు. గిత్తకి మూడేళ్ళు చాలు. ఆ ఇరవైయొక్క ఏళ్ళూ ఆ ఇంట్లో పొద్దున్నే లేచి టిఫిను డబ్బా సర్దిన తల్లి గురించి పత్రికలు రాయవు కదూ.

పి.వి.సింధు తల్లిదండ్రుల సంగతి నాకు మరీ నచ్చింది. ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళే. తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు మనిషి. కూతురు చూస్తే తాడిచెట్టంత ఎదుగుతోంది. వాలీబాల్ కాక ఇంకేమిటి అనిపించాలి కదా? గోపీచంద్ గెలుపు చూసి ఆ పిల్ల రాకెట్ పట్టుకుంటానంటే, సరేనన్నారు. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో ప్రపంచ ఛాంపియన్. ఆట తెలిసినవాళ్ళు కాబట్టే తమ ఆట ఆడమని పట్టుబట్టలేదేమో అనుకుంటాను.

ఇంకో చిత్రం వినండి. కెనడాలో ఐస్ హాకీ అంటే మనకి క్రికెట్ లాంటిది. ఒకరోజు రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భార్యతో మ్యాచ్‌కి వెళ్ళాడు. ఆవిడ పౌలా, ఊరికే కూర్చోలేక చేతిలోని ఆటగాళ్ళ వివరాల పుస్తకం తిరగేస్తూ, ఇదేమిటి, వీళ్ళలో ఇంతమంది జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లోనే పుట్టారు అంది. లెక్క తీస్తే నిజమే! 1985లో అది అచ్చయింది. అక్కడ వయసు లెక్క జనవరి ఒకటి నుంచి. జనవరి పిల్లాడు డిసెంబరు పిల్లాడికంటే దాదాపు ఏడాది పెద్ద, చెయ్యెడు పొడుగు. వాడి వయసుని చూసి ప్రతిభ అనుకుని జట్టులోకి తీసుకుంటారు, మంచి శిక్షణంతా వాడికే ఇస్తారు, వాడు నిజంగానే మంచి ఆటగాడవుతాడు. డిసెంబరు పిల్లాడు తాలుకాయల గుట్టలోకి పోతాడు. మా పిన్నికూతురితో ఇదే చెప్పాను. "మావాడు ఏ నెలలో పుట్టాడో నీకు గుర్తుందా అక్కా?" అని నవ్వింది. తరవాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంతవరకు ఊళ్ళోవాళ్ళ కథలు. ఇప్పుడు నా ఇంటికి రండి.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఓ సాయంత్రం వాళ్ళ డ్రిల్లు మాస్టారు ఇంటికొచ్చారు. నేను మిరపకారం జాడీకి ఎత్తుతున్నాను, చేతులు మండుతున్నాయి. "అమ్మా, పిల్ల పరుగులో బావుంది, జిల్లా పోటీలకి పంపండి" అన్నారు. నేను దాన్ని ఎగాదిగా చూశాను. పుల్లలా ఉంది. ఎండకి ఇప్పటికే నల్లబడింది. రెండేళ్ళలో పదో తరగతి. శ్రీకాకుళంలో కరణం మల్లీశ్వరి బరువులెత్తుతానంటే, సన్నగా ఉన్నావు నీవల్ల కాదన్నారనీ, తల్లి మాత్రం వెనకాల నిలబడిందనీ అప్పటికే నేను చదివాను, మెచ్చుకున్నాను కూడా. 2000లో సిడ్నీలో ఆమెకి కాంస్యం వచ్చినప్పుడు నేను కాలేజీ పిల్లని, హాస్టల్లో ఆ కబురు విని గంతులేశాను. అవన్నీ పేపర్లో సంగతులు. "దానికంత ఓపిక లేదు లెండి మాస్టారూ" అని కాఫీ ఇచ్చి పంపించేశాను.

అమ్మాయి ఏడవలేదు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది, బాగానే ఉంది. ఈ వ్యాసం కోసం నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే మొన్న పండక్కి వచ్చినప్పుడు పక్కనే కూర్చుని చదివింది. డ్రిల్లు మాస్టారి దగ్గర ఆగింది.

"అమ్మా, ఆ రోజు స్కూల్లో మాస్టారు గడియారం పెట్టి పరిగెత్తించారు. నాకు ఎన్ని సెకన్లు వచ్చాయో నీకు చెప్పారా?"

నేను అడగలేదు.