తలుపు మీది గుర్తు, పట్టికలోని సంఖ్య

లండన్ నగరంలో ప్లేగు మరణాలను లెక్కించే ఆచారం పదహారో శతాబ్దంలోనే ఉన్నప్పటికీ, అది ఎడతెగకుండా వారంవారం సాగడం 1603 చివరి నుంచే మొదలైంది. బిల్స్ ఆఫ్ మోర్టాలిటీ అని పేరుపొందిన ఈ మరణ పట్టికలను పారిష్ గుమాస్తాల సంఘం తయారుచేసేది. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోకి వచ్చే పేట. ఏ పారిష్‌లో ఎందరిని ఖననం చేశారో, ఏ వ్యాధితో ఎందరు మరణించారో ఆ పట్టికలో ఉండేది గాని, మృతుల పేర్లు ఉండేవి కావు. ఏడాదికి నాలుగు షిల్లింగుల చందా కట్టిన కుటుంబాలు ప్రతి గురువారం దానిని తెప్పించుకొని, వ్యాధి ఎటువైపు పాకుతున్నదో చూసుకునేవి. స్తోమత గలవారు నగరం విడిచి వెళ్లాలా వద్దా అన్నది ఆ అంకెలను బట్టే నిర్ణయించుకునేవారు.

ఈ అంకెలు పుట్టే చోటు మాత్రం మృతుని ఇల్లే. మరణవార్త తెలియగానే సెర్చర్లు అనే వృద్ధ స్త్రీలు, ఎక్కువగా పేదవారు, ఆ ఇంటికి వెళ్లి శవాన్ని చూసి, ఇంటివారిని విచారించి, మరణ కారణాన్ని గుమాస్తాకు చెప్పేవారు. గుమాస్తా ఆ లెక్కను మంగళవారం రాత్రి సంఘం కార్యాలయానికి చేర్చితే, బుధవారం అచ్చుపని పూర్తయ్యేది. ఈ పట్టికలను ఆధారం చేసుకొని 1662లో జాన్ గ్రాంట్ అనే లండన్ వర్తకుడు రాసిన గ్రంథం జనాభా గణాంక శాస్త్రానికి పునాది అయింది. అంకెల విలువను చాటిన గ్రాంటే వాటిలోని అసత్యాన్నీ మొదట పట్టుకున్నాడు. సుఖవ్యాధితో పోయినవారి సంఖ్య పట్టికల్లో వింతగా తక్కువ ఉండటానికి కారణం, పరువుకు వెరచిన బంధువులు సెర్చర్లకు అదనపు రుసుము ముట్టజెప్పి మరణాన్ని క్షయ కింద రాయించుకోవడమేనని అతడు గుర్తించాడు. 1625 ప్లేగులో ఇతర వ్యాధుల మరణాలు మామూలు సంవత్సరాల కంటే ఎంత పెరిగాయో లెక్కగట్టి, ప్లేగు మరణాలు నమోదైన సంఖ్య కంటే సుమారు నాలుగో వంతు ఎక్కువ ఉంటాయని తేల్చాడు. నేడు అదనపు మరణాలు అని పిలిచే గణన పద్ధతికి ఇది తొలి రూపాలలో ఒకటి.

ప్లేగు మరణాన్ని దాచవలసిన అవసరం ప్రజలకు ఎందుకు కలిగిందో 1665 నాటి నగర ఆదేశాలు స్పష్టం చేస్తాయి. రోగి ఉన్న ఇంటి తలుపు నడుమ అడుగు పొడవున ఎర్రటి శిలువ గుర్తు వేసి, దగ్గరలోనే దైవకృపను వేడుకునే వాక్యం రాసి, ఆరోగ్యవంతులతో సహా ఇంటిల్లిపాదినీ లోపలే ఉంచి, పగలొకరు రాత్రొకరు చొప్పున కాపలా పెట్టేవారు. సెర్చర్లు సైతం వీధిలో నడిచేటప్పుడు మూడడుగుల ఎర్ర కర్ర చేతబట్టుకోవాలి. పట్టికలో పేరు లేకపోయినా తలుపు మీది గుర్తు ఇంటి గుట్టును వీధిన పెట్టింది. నిజం చెప్పడమంటే కుటుంబం మొత్తాన్ని బందీ చేయడమే అయినప్పుడు నిజం చెప్పేవారు తగ్గిపోయారు. ఆ ఏడాది పట్టికలు చూపిన 68,596 ప్లేగు మరణాలు వాస్తవం కంటే బాగా తక్కువన్నది చరిత్రకారుల అభిప్రాయం.

పేర్లు అవసరమైన సందర్భాలూ లేకపోలేదు. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు జనన మరణాల ప్రధాన రిజిస్టర్ కార్యాలయం నుంచి 83 మరణాల వివరాలు తీసుకొని, ఇళ్లకు వెళ్లి విచారించి, మృతులలో అత్యధికులు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టుపక్కల వారేనని గుర్తించాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని తొలగించారు. వ్యక్తిగత వివరాలు పరిశోధకునికి అందగా, తర్వాత అచ్చయిన పటంలో ఒక్కొక్క మరణానికి ఒక్కొక్క నల్లని గీత మాత్రమే కనిపించింది. ఏ సమాచారం ఎవరికి, ఏ పనికి, ఎంతవరకు అనే విభజన ఇక్కడ ఆచరణలో కనబడుతుంది.

ఆ విభజనను పట్టించుకోని పాలన ఫలితాన్ని భారతదేశం 1897లో చవిచూసింది. బొంబాయి ప్లేగు నేపథ్యంలో ఆ ఏడాది ఫిబ్రవరి 4న వచ్చిన అంటువ్యాధుల చట్టం అధికారులకు విస్తృతమైన అధికారాలూ వారిపై దావాలు పడకుండా రక్షణా ఇచ్చింది గాని, రోగి వివరాల గోప్యత గురించి ఒక్క మాటా చెప్పలేదు. బొంబాయి, పూనా నగరాలలో సోదాలకు, నిర్బంధంగా ఆసుపత్రికి తరలించడానికి భయపడిన కుటుంబాలు రోగులను దాచాయి, మరణాలనూ దాచాయి. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కోవిడ్ నిబంధనలు జారీచేసింది కూడా ఈ చట్టం కిందనే. అదే ఏడాది పలుచోట్ల రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించడంపై వ్యాజ్యం రాగా, విపత్తు నిర్వహణ చట్టం కింద సమర్థాధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అలా అంటించరాదని సుప్రీంకోర్టు డిసెంబరు 9న తీర్పునిచ్చింది.

గోప్యతకూ ప్రజారోగ్యానికీ మధ్య వైరం ఉన్నదనే అభిప్రాయాన్ని ఈ చరిత్ర సమర్థించదు. ప్రతి అంకె ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు చెప్పిన మాట నుంచి పుడుతుంది గనుక, చెప్పినవారికి కీడు జరగదనే భరోసా లేనిచోట ఎంత గొప్ప గణాంక పద్ధతైనా అబద్ధాన్నే కూడుతుంది. రోగి పేరును కాపాడటం దయతో చేసే ఉపకారం మాత్రమే కాదు, లెక్క నిజం కావడానికి తీర్చవలసిన మొదటి షరతు.