చల్లారినంక కొలవాలె

ఉప్పల్ రింగ్ రోడ్డు స్కైవాక్ మెట్లు దిగేసరికి పొద్దున తొమ్మిదిన్నర. ఆటోలనూ బస్సుల కోసం నిలబడ్డ జనాన్నీ తప్పించుకుని లోపలి బస్తీలోకి మళ్లారు. రెండు గదుల బస్తీ దవాఖానా. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు. బీపీ చూపించుకునే వరుసలో మీ ముందు ఒకాయన ఉన్నాడు. చొక్కాకు కటింగ్ ఆయిల్ వాసన, గోళ్ల సందుల్లో నలుపు. నాచారంలో లేత్ పని, నైట్ డ్యూటీ దిగి సీదా వచ్చాడు. ఈఎస్ఐ కార్డుంటే నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికే పోయేవాడు. చిన్న వర్క్‌షాపు, కార్డెక్కడిది?

కూర్చుంటూనే చెయ్యి చాపాడు. నర్సు బీపీ పట్టీ ముట్టుకోలేదు.

"అయిదు నిమిషాలు ఊకె కూసో అన్నా."

"మొన్న మందుల షాపుల 156 చూపెట్టింది చెల్లె..."

"మాట్లాడొద్దు."

కాలు మీద కాలు తీయించింది, వీపు కుర్చీకి ఆనించమంది. బిగుతుగా ఉన్న చొక్కా చెయ్యి విప్పించింది. బల్ల మీద మడిచిన దుప్పటి వేసి మోచేతిని గుండె ఎత్తుకు తెచ్చింది. గోడ గడియారం కదిలింది. 138/86. నిమిషం ఆగి మళ్లీ చూస్తే 134/84. రెండూ రాసుకుంది.

ఆయన నవ్వాడు. "లేత్ మీదికెళ్లి దించిన పీసును వేడి మీద కొలిస్తే సైజు ఎక్కువ చూపెడ్తది. చల్లారినంక కొలవాలె."

ఈ మాట నాకు చాలా పుస్తకాలకంటే నచ్చింది. మాట్లాడుతున్నా, చెయ్యి వేలాడినా బీపీ పెరిగి కనిపిస్తుందని వైద్యానికి ఎప్పటినుంచో తెలుసు. తెలిసింది రోజూ, ప్రతి రోగికీ జరగాలంటే మాత్రం కుర్చీ ఎక్కడుండాలి, బల్ల ఎంత ఎత్తుండాలి అని ఎవరో కూర్చుని ఆలోచించాలి. అది ఇంజనీరు బుద్ధి. నేను ఫోన్‌లో మాట్లాడుతుండగానే చొక్కా మీంచి పట్టీ చుట్టి, నాకు జీవితకాలం మాత్ర రాయబోయిన క్లినిక్ ఒకటుంది. అక్కడి డాక్టరుకు డిగ్రీలు తక్కువేం లేవు.

2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని కిటుకు కొత్త మందు కాదు, అందరికీ ఒకే మెట్ల వరుస. మొదట ఆమ్లోడిపిన్. అప్పటికీ 140/90 కిందికి దిగకపోతే పై మెట్టు. షాపు మిషన్ అంకెను నమ్మి ఉంటే, ఇప్పటికే మొదటి మెట్టు మీదున్న ఈ లేత్ అన్నకు ఇవాళ రెండో మాత్ర పడేది.

పక్క బల్ల మీద రక్తం గొట్టాలు. ఊదా మూత హిమోగ్రామ్‌కు, బూడిద రంగు మూత షుగర్‌కు. మామూలు గొట్టంలో పోస్తే రక్తకణాలే గ్లూకోజును తినేస్తాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం. హబ్సిగూడ, తార్నాక ట్రాఫిక్ దాటి నారాయణగూడ ల్యాబుకు చేరేలోపు షుగర్ ఎంత తగ్గిపోతుందో లెక్కేసుకోండి. 2018లో అక్కడ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ మొదలైంది. బస్తీల నుంచి రక్తం అక్కడికి పోతుంది, రిపోర్టు తిరిగొస్తుంది, రోగి మాత్రం కదలక్కర్లేదు.

మీ వంతు వచ్చింది. ఫోన్ జేబులో పెట్టండి. ఇక్కడ నర్సే కూర్చోబెడుతుంది. ఇంకెక్కడైనా అడుగు పెట్టీపెట్టగానే పట్టీ తీసుకొస్తే, చెయ్యి చాపకండి. అయిదు నిమిషాలు అడగండి.